గోపురం తలకిందులైంది అన్నా!

ప్రశ్న: అన్నా, నేను డిప్లొమా సెకండియర్, మాది గద్వాల దగ్గర పల్లె. ల్యాబ్‌ల టర్బో సీ (సీ భాషల ప్రోగ్రాములు రాసే పాత సాఫ్ట్‌వేర్) గ్రాఫిక్స్‌తోని ఏదన్న బొమ్మ గీయమన్నరు, మా అమ్మ చీర అంచుకుండే గోపురం గీద్దామని కూసున్న. నా దాంట్ల రన్ చేస్తే 'గ్రాఫిక్స్ నాట్ ఇనిషియలైజ్డ్, యూజ్ ఇనిట్‌గ్రాఫ్' అంటది, అరే గ్రాఫిక్స్ మొదలుపెట్టే ఆ ఇనిట్‌గ్రాఫ్ నేను రాసిన గదా! అదే ప్రోగ్రామ్ దోస్తు ల్యాప్‌టాప్‌ల నడిచింది కానీ గోపురం తలకిందులు, ఎరుపు నింపుదామంటే స్క్రీన్ మొత్తం ఎర్రగైంది. పరువు పోయింది అన్నా.

జవాబు: తమ్ముడూ, నువ్వు పంపిన కోడ్ చూసిన. ఇనిట్‌గ్రాఫ్ రాసినవ్, నిజమే, కానీ దానికిచ్చిన దారి చూడు: సీ కోలన్, బ్యాక్‌స్లాష్, టీసీ, బ్యాక్‌స్లాష్, బీజీఐ, అన్నీ చిన్నక్షరాలు, ఒక్కొక్కటే స్లాష్. సీ భాషల కోట్స్ లోపల బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న టీ వస్తే అది టాబ్, చిన్న బీ వస్తే బ్యాక్‌స్పేస్. అంటే నువ్వు ఫోల్డర్ పేరు చెప్పిన అనుకున్నవ్, దానికి ముట్టింది టాబ్, బ్యాక్‌స్పేస్ కలిసిన పిచ్చి పేరు. ప్రతి స్లాష్ రెండుసార్లు కొట్టు, అయిపాయె. ఈజీఏవీజీఏ అనే బీజీఐ ఫైల్, అంటే స్క్రీన్ మీద బొమ్మ గీయించే డ్రైవర్, ఆ ఫోల్డర్‌ల ఉందో లేదో కూడా చూసుకో, కొన్ని సిస్టమ్‌లల్ల ఫోల్డర్ పేరే టర్బోసీ3 ఉంటది. మరి దోస్తు దాంట్ల ఎట్ల నడిచింది అంటవా, చెప్పిన దారిల ఫైల్ దొరక్కపోతే ఇనిట్‌గ్రాఫ్ ఇప్పుడున్న ఫోల్డర్‌ల కూడా వెతుకుతది, ఆయన దగ్గర ఆ ఫైల్ అక్కడ్నే పడుంటది, గంతే. ఇనిట్‌గ్రాఫ్ తర్వాత, తప్పేందో నంబర్‌తోని చెప్పే గ్రాఫ్‌రిజల్ట్‌ని ప్రింట్ చేసి చూసే అలవాటు చేసుకో, సున్నా వస్తే బాగున్నట్టు, మైనస్ 3 వస్తే డ్రైవర్ ఫైల్ దొరకనట్టు. ఆ తిట్లు చదువుకుంట తల పట్టుకునుడు కన్నా ఇది నయం.

ఇగ గోపురం. లెక్కల పుస్తకంల వై పైకి పెరుగుతది, స్క్రీన్ మీద సున్నా ఎడమ పై మూలకుంటది, వై కిందికి పెరుగుతది. 640 బై 480 స్క్రీన్‌ల కొనకు వై 400, అడుక్కు 100 ఇచ్చినవ్, కొన కిందికి దిగకుంట ఏం జేస్తది! ప్రతి వై నంబర్‌ను 479 ల నుంచి తీసెయ్, కొన 79, అడుగు 379 అయితది. పోచంపల్లి, పుట్టపాక దిక్కు నేతన్నలు డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కబెట్టి ఏసుకుంటరు, నువ్వు కూడా ఒక కాగితం తీస్కో, పై మూల సున్నా రాస్కొని గీసి చూడు.

రంగు సంగతి: గీతల నడుమ రంగు నింపే ఫ్లడ్‌ఫిల్‌ల మూడో నంబర్ నింపే రంగు కాదు, గీత రంగు. నువ్వు తెల్లగీతలు గీసి అక్కడ రెడ్ రాసినవ్, ఎర్ర గీత ఏడుందని వెతుక్కుంట స్క్రీన్ మొత్తం తిరిగింది పాపం. నింపే ఎరుపును సెట్‌ఫిల్‌స్టైల్‌ల చెప్పినవ్, అది సరే, ఫ్లడ్‌ఫిల్‌ల మాత్రం వైట్ రాయి, మొదలుపెట్టే చుక్క గోపురం లోపలుండాలె, 320, 300 ఇస్తే సరిపోతది. అప్పుడు కూడా రంగు కారిందంటే మూలకాడ గీతలు కలవక సందు ఉన్నట్టు.

ప్రశ్న: నల్లగొండ నుంచి అన్నా, నాది రన్ దాకా కూడా పోతలేదు. లింకర్ ఎర్రర్, అన్‌డిఫైన్డ్ సింబల్ ఇనిట్‌గ్రాఫ్ అంటుంది. గ్రాఫిక్స్ డాట్ హెచ్ హెడర్ పెట్టిన.

జవాబు: చెల్లె, హెడర్ పెడితే పేర్లు మాత్రమే తెలుస్తయి, అసలు పని చేసే కోడ్ లైబ్రరీల ఉంటది, దాన్ని నీ ప్రోగ్రామ్‌కు కలిపేది లింకర్. ఆప్షన్స్‌ల లింకర్, అండ్ల లైబ్రరీస్, అక్కడ గ్రాఫిక్స్ లైబ్రరీకి టిక్ పెట్టి మళ్ల కంపైల్ చెయ్. బొమ్మ ఒక్కసారి మెరిసి మాయమైతే మాత్రం మళ్ల ఉత్తరం రాయకు, గ్రాఫిక్స్ మూసే క్లోజ్‌గ్రాఫ్‌కు ముందు, కీ నొక్కేదాక ఆగే గెట్‌సీహెచ్ పెట్టు.