ల్యాన్ మాటిమాటికీ తెగిపోతుంటే ముందు వైరు చూడండి, ఆ తర్వాతే సెట్టింగ్స్

మీ డెస్క్‌టాప్‌లో ఈథర్‌నెట్ (అంటే వైరుతో వచ్చే ల్యాన్ కనెక్షన్) పది నిమిషాలకోసారి పోతోందని, అడాప్టర్‌ని, అంటే నెట్‌వర్క్ కార్డుని, డిజేబుల్ చేసి ఎనేబుల్ చేస్తే వస్తోందని, స్పీడ్ సెట్టింగ్ ఎలా మార్చినా కుదరట్లేదని రాశారు. ఇదే బాధ నేను మూడు వారాలు పడ్డాను. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. ఫీజు కడుతుండగా సరిగ్గా ఓటీపీ కొట్టేసరికి కనెక్షన్ పోయేది. డబ్బు కట్ అయిందో లేదో తెలిసేది కాదు. పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దాయన కౌంటర్ ముందు నిలబడి "ఏటయ్యింది బాబూ, అవ్వనేదా?" అంటుంటే చాలా టెన్షన్‌గా ఉండేది.

మీలాగే నేనూ ముందు సెట్టింగ్స్ మీద పడ్డాను. 'స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్'లో ఆటో తీసేసి 100 ఎంబీపీఎస్ ఫుల్ డ్యూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ జరిగే పద్ధతి) పెట్టాను. తెగడం తగ్గింది గానీ నెట్ నత్తనడకన సాగింది. కారణం తర్వాత అర్థమైంది. మనం ఇటువైపు ఫిక్స్ చేసేస్తే, అటు ఆటోలో ఉన్న రౌటర్ స్పీడ్ 100 అని కనిపెట్టగలదు, డ్యూప్లెక్స్ ఏదో కనిపెట్టలేదు. అందుకని హాఫ్ డ్యూప్లెక్స్‌కి, అంటే ఒకసారికి పంపడమో అందుకోవడమో ఒకటే చేసే పద్ధతికి, వెళ్లిపోతుంది. ఒకరు మాట్లాడుతూనే వింటుంటే, ఇంకొకరు వింటున్నంతసేపూ మాట్లాడరన్నమాట. ప్యాకెట్లు పాడై మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. కాబట్టి దయచేసి దాన్ని ఆటో నెగోషియేషన్‌లోనే (రెండువైపులా మాట్లాడుకుని స్పీడ్, డ్యూప్లెక్స్ తామే తేల్చుకునే పద్ధతి) ఉంచండి.

ఇప్పుడు ఈథర్‌నెట్ స్టేటస్ విండో తెరిచి స్పీడ్ ఎంతుందో చూడండి. కార్డు, రౌటర్ పోర్టు రెండూ గిగాబిట్‌వి (1 జీబీపీఎస్ స్పీడ్‌వి) అయ్యుండి కూడా అక్కడ 100 ఎంబీపీఎస్ అనే ఉంటే, లేదా ఒకసారి 1 జీబీపీఎస్, ఇంకోసారి 100 అని మారుతుంటే, నేనైతే వైరునే అనుమానిస్తాను. (రౌటర్ పోర్టే 100దైతే 100 చూపించడం మామూలే, కంగారు పడకండి.) ల్యాన్ వైరులో నాలుగు జతలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, మామూలు క్రింపింగ్‌లో (వైరు చివర కనెక్టర్ బిగించడంలో) అవి ఆరెంజ్, గ్రీన్. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. స్పీడ్ ఎంతన్న బేరం మాత్రం ఆ ఆరెంజ్, గ్రీన్ జతల మీదే జరుగుతుంది. నీలం జతో బ్రౌన్ జతో తెగి ఉంటే, రెండువైపులా గిగాబిట్‌కి ఒప్పుకుంటాయి, తీరా లింక్ నిలబడదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాయి. బయటికి మనకు కనిపించేది కనెక్షన్ తెగుతూ రావడమే.

మా షాపులో వైరు షట్టరు పక్కనుంచి వస్తుంది. అక్కడ నలిగి బ్రౌన్ జత తెగింది. దానికి తోడు రౌటర్ వైపు కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టాయి. గిగాబిట్‌కి సరిపోయే కొత్త క్యాట్ 5ఇ రకం వైరు లాగి, రెండు చివర్లా ఒకే రంగుల వరసలో క్రింప్ చేయించాక లింక్ 1 జీబీపీఎస్‌కి వచ్చి అక్కడే నిలబడింది.

మీరు అప్పు తెచ్చిన వైరుతోనైనా ఒక పూట పరీక్షించండి. అయినా తెగితే అప్పుడు డివైస్ మేనేజర్‌కి వెళ్లండి. అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపొచ్చు అనే టిక్ తీసేయండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 'ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్', 'గ్రీన్ ఈథర్‌నెట్' అనే కరెంటు ఆదా సెట్టింగ్స్ ఉంటే డిజేబుల్ చేయండి. విండోస్ అప్‌డేట్‌తో కొత్త డ్రైవర్ పడితే ఇవి మళ్లీ పాత స్థితికి పోవచ్చు, కాబట్టి పెద్ద అప్‌డేట్ అయ్యాక ఒకసారి చూసుకోండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సమస్య వచ్చి, రీస్టార్ట్ చేస్తే పోతుంటే మాత్రం ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు.

విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ అన్నీ మొదటి స్థితికి తెచ్చే 'నెట్‌వర్క్ రీసెట్' జోలికి చివర్లోనే వెళ్లండి. మీరు చేత్తో ఇచ్చిన ఐపీ అడ్రస్, డీఎన్‌ఎస్ అన్నీ పోతాయి, ముందే ఫొటో తీసి పెట్టుకోండి. దానికీ లొంగకపోతే మదర్‌బోర్డులోని పోర్టే పోయి ఉండొచ్చు. యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ ఒకటి తగిలించి చూస్తే తేలిపోతుంది.