షుగర్ సరిహద్దులో ఉన్నాను.. ఇప్పుడే మాత్రలు వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 44. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. కూర్చుని చేసే ఉద్యోగం. ఈమధ్య చేయించుకున్న పరీక్షల్లో పరగడుపు షుగర్ 112, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1, బీపీ 136/86 వచ్చాయి. ఇబ్బందులేమీ లేవు. మా నాన్నకు షుగర్ ఉంది, పక్షవాతం కూడా వచ్చింది. ఆహారం, వ్యాయామంతో షుగర్ ముప్పు 58 శాతం తగ్గుతుందని చదివాను. వంశంలోనే ఉన్నవాళ్లకూ అది వర్తిస్తుందా? ముందుగానే మాత్ర మొదలుపెడితే మంచిది కాదా?
- ఓ పాఠకుడు

జవాబు: మీరు చదివిన అంకె సరైనదే. 2001లో ఫిన్లాండ్ నుంచి, 2002లో అమెరికా నుంచి వెలువడిన అధ్యయనాలు రెండింటిలోనూ ముప్పు 58 శాతమే తగ్గింది. అయితే నూటికి 58 మంది షుగర్ నుంచి బయటపడ్డారని దీనికి అర్థం కాదు. అమెరికా అధ్యయనంలో 3,234 మంది పాల్గొన్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఏటా నూటికి 11 మందికి షుగర్ వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడినవారిలో దాదాపు 8 మందికి, జీవనశైలి మార్చుకున్నవారిలో దాదాపు ఐదుగురికి వచ్చింది. అంటే మాత్ర కన్నా ఆహారం, వ్యాయామమే ఎక్కువ పనిచేశాయి. వీరిలో మూడింట రెండొంతుల మందికి పైగా తల్లిదండ్రులకో తోబుట్టువులకో షుగర్ ఉంది. కాబట్టి వంశం గురించి దిగులు పెట్టుకుని ప్రయత్నం మానేయకండి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ అధ్యయనాల్లోకి మనుషుల్ని పరగడుపు షుగరో, హెచ్‌బీఏ1సీయో ఒక్కటే చూసి తీసుకోలేదు. గ్లూకోజ్ తాగించి, రెండు గంటల తర్వాత షుగర్ ఎంతుందో చూసి ఎంపిక చేశారు. మీ రిపోర్టులో ఆ పరీక్షే లేదు. పరగడుపు షుగర్ మాత్రమే పెరిగినవారి విషయంలో ఇంత గట్టి రుజువులు లేవు. అందుకే ముందుగా ఓరల్ గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్ష చేయించుకోండి. రాత్రి కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండి, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీటిని ఐదు నిమిషాల్లోపు తాగాలి. తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి సరిగ్గా రెండు గంటలకు రక్తం ఇవ్వాలి. ఈలోగా నడవకూడదు, పొగ తాగకూడదు. ఫలితం బాగా రావాలని ముందు మూడు రోజులు పిండిపదార్థాలు తగ్గించేవారున్నారు. అలా చేస్తే రెండు గంటల షుగర్ లేనిపోనిది ఎక్కువగా కనిపించవచ్చు. రోజూ తినేదే తినండి. జ్వరం ఉంటే పరీక్ష వాయిదా వేయండి. ఫలితం 140 నుంచి 199 మధ్య ఉంటే ఆ అధ్యయనాలు మీలాంటివారి మీద జరిగినవే. 200 లేదా ఆపైన ఉంటే షుగర్ వచ్చిందనే అనుమానించి, మరోసారి పరీక్షించి నిర్ధారించాలి. హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు.

ఇక ఆ 58 శాతం ఎలా వచ్చిందన్నది ముఖ్యం. మందుకు మోతాదు ఉన్నట్టే దీనికీ ఉంది. అమెరికా అధ్యయనంలో పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం. మీ విషయంలో 7 శాతం అంటే దాదాపు 6 కిలోలు. ఆరు నెలల్లో సాధించేలా పెట్టుకోండి. నడకలో మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఆయాసం అడ్డుపడాలి. అంతకన్నా మెల్లగా నడిస్తే ఆ 150 నిమిషాల్లోకి లెక్క రాదు. వరసగా రెండు రోజులకు మించి మానేయకండి. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామాలూ చేయండి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది తిండి దగ్గర. మీ బరువుకు అరగంట వేగంగా నడిస్తే అదనంగా ఖర్చయ్యేది 150 కేలరీలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఒక తీపి పానీయంతో అది తిరిగి వచ్చేస్తుంది. నడకతోనే బరువు తగ్గుదామనుకున్నవారు రెండు నెలలకే నిరాశపడి వదిలేయడానికి కారణం ఇదే. బరువు తగ్గాలంటే రోజుకు 500 కేలరీల వరకు తిండిలోనే కోత పడాలి. తీపి పానీయాలు, వేపుళ్లు, మధ్యమధ్య చిరుతిళ్లతో మొదలుపెట్టండి. అమెరికా అధ్యయనంలో జీవనశైలి మార్చుకున్న ప్రతి ఒక్కరికీ ఒక శిక్షకుడు ఉండి, తొలి ఆరు నెలల్లో 16 పాఠాలు చెప్పారు. తిన్నది రాసుకునేవారు, బరువు చూసుకునేవారు. మీకు శిక్షకుడు లేకపోయినా ఈ రాసుకోవడం మాత్రం మానకండి. మొదటి రెండు వారాలు రాస్తేనే ఎక్కడ ఎక్కువ తింటున్నారో బయటపడుతుంది.

బరువు పెద్దగా తగ్గకపోతే శ్రమ వృథా అనుకోవద్దు. భారత్‌లో 531 మందిపై జరిగి, 2006లో వెలువడిన అధ్యయనంలో బరువు దాదాపు అలాగే ఉన్నా, ఆహారం, వ్యాయామం మార్చుకున్నవారిలో ముప్పు 28 శాతం తగ్గింది. మీ నాన్నగారి పక్షవాతం సంగతికొస్తే, చైనాలోని డాచింగ్‌లో 1986లో మొదలైన అధ్యయనం ఉంది. ఆరేళ్లు మాత్రమే జీవనశైలి కార్యక్రమం నడిచింది. 30 ఏళ్ల తర్వాత చూస్తే, ఆ కార్యక్రమంలో లేనివారి కన్నా వీరికి షుగర్ దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, పక్షవాతంతో సహా గుండె, రక్తనాళాల జబ్బులు 26 శాతం తగ్గాయి.

మాత్ర మీకు ఇప్పుడే అక్కర్లేదని నా అభిప్రాయం. మెట్‌ఫార్మిన్ బాగా పనిచేసింది 60 ఏళ్ల లోపువారిలో, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 35 దాటినవారిలో, గర్భధారణ సమయంలో షుగర్ వచ్చిన స్త్రీలలో. మీ వయసు 60 లోపే అయినా, బీఎంఐ 29 మాత్రమే. ఆరు నెలలు గట్టిగా ప్రయత్నించాక కూడా అంకెలు పెరుగుతుంటే అప్పుడు మీ డాక్టర్‌తో మాట్లాడండి. సొంతంగా మొదలుపెట్టొద్దు, ముందు కిడ్నీ పరీక్ష చూడాలి.

షుగర్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది మీ బీపీ. ఒక్క రీడింగ్‌తో ఏదీ చెప్పలేం. చేతికి కట్టే మెషీన్‌తో ఇంట్లో వారం రోజులు ఉదయం, సాయంత్రం చూసుకోండి. అరగంట ముందు నుంచి కాఫీ, పొగ వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 లేదా ఆపైన ఉంటే ఆ కాగితంతో డాక్టర్‌ను కలవండి. అన్నిరకాల ఆహారంలో కలిపి ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొటాషియం కలిపిన ఉప్పు వాడాలనుకుంటే కిడ్నీలు బాగున్నాయని నిర్ధారించుకున్నాకే వాడండి.

హెచ్‌బీఏ1సీ ఆరు నెలలకు మళ్లీ చేయించుకోండి. ఈలోగా దాహం, మూత్రం ఎక్కువ కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆరు నెలలు ఆగకండి, వెంటనే షుగర్ పరీక్ష చేయించుకోండి.