టెక్ సందేహాలు: పాత మస్టాంగ్‌కి ఏ వెనక యాక్సిల్ మంచిది?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నా దగ్గర 1989 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఉంది. 5.0 లీటర్ వీ8, ఐదు గేర్ల మాన్యువల్. సిలిండర్ హెడ్స్, క్యామ్, ఇన్‌టేక్ మార్పించాక డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర 300 హార్స్‌పవర్ చూపించింది. ఇప్పుడు వెనక యాక్సిల్‌లో 3.73 గేర్లు (డ్రైవ్‌షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేవి) వేయిద్దామనుకుంటున్నాను. నెలకోసారి డ్రాగ్ స్ట్రిప్‌కి (నేరుగా సాగే రేసు ట్రాక్) తీసుకెళ్తాను, మిగతా రోజుల్లో రోడ్డు మీదే నడుపుతాను. ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్ (లోపలి పెద్ద పళ్ల చక్రం వ్యాసాన్ని బట్టి ఆ పేరు) తప్పదని కొందరు, జంక్‌యార్డ్‌లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీ యాక్సిల్ చౌకగా దొరుకుతుందని ఇంకొందరు అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: రెండూ వద్దు. మీ కారు కింద ఉన్న 8.8 అంగుళాల యాక్సిల్ హౌసింగ్‌నే (బయటి గుల్ల) ఉంచి, అందులో 31 స్ప్లైన్ల (షాఫ్ట్ కొసన ఉండే పళ్లు) షాఫ్టులు, వాటికి సరిపడే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ పవర్ పంచే గేర్ల భాగం) వేయించండి.

యాక్సిల్ ఎంచుకునేటప్పుడు అందరూ ఇంజిన్ ఎన్ని హార్స్‌పవర్ అని అడుగుతారు. నేను ముందు టైర్ ఏమిటని అడుగుతాను. లెక్క చూడండి. 1989లో ఫోర్డ్ చెప్పిన టార్క్ (మెలిపెట్టే బలం) 300 పౌండ్-ఫుట్. మీ టీ-5 గేర్‌బాక్స్‌లో ఫస్ట్ గేర్ 3.35. వెనక 2.73 గేర్లుంటే యాక్సిల్ దగ్గరికి వచ్చేసరికి అది సుమారు 2,740 అవుతుంది, 3.73 వేస్తే 3,750 దాకా వెళ్తుంది. కానీ అదంతా షాఫ్టుల మీద పడాలంటే టైర్ జారకుండా నిలబడాలి కదా. కారు బరువు 3,200 పౌండ్లు, బయల్దేరేటప్పుడు వెనక చక్రాల మీద 1,900 పడుతుందనుకుందాం. మామూలు రోడ్డు టైర్ సుమారు 1,800 పౌండ్-ఫుట్ దగ్గరే జారిపోతుంది. ఆపైన మీ ఇంజిన్ ఎంత ఇచ్చినా పొగే. అదే డ్రాగ్ స్లిక్స్ (గాళ్లు లేని మెత్తటి రేసు టైర్లు) వేస్తే ఆ పరిమితి 3,000 దాటుతుంది. అంటే రోడ్డు టైర్ల మీద ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేసిన షాఫ్ట్, స్లిక్స్ వేసిన రోజున విరగొచ్చు. మీరు స్ట్రిప్‌లో ఏ టైర్లు వేస్తారో రాయలేదు. స్లిక్స్ కానీ, రోడ్డు మీదా నడిచే రేసు టైర్లైన డ్రాగ్ రేడియల్స్ కానీ వేస్తారనుకునే ఈ సలహా ఇస్తున్నాను.

మీ హౌసింగ్ విషయంలో మీరు అదృష్టవంతులే. 1985 వరకు ఈ తరం మస్టాంగ్‌లకు వచ్చింది 7.5 అంగుళాల యాక్సిల్. 1986 నుంచే వీ8 కార్లకు 8.8 ఇచ్చారు. ఇందులో క్రౌన్ వీల్ (పెద్ద పళ్ల చక్రం), దాన్ని తిప్పే చిన్న గేరైన పినియన్ మీ పవర్‌కి చాలు. బలహీనత ఉన్నది 28 స్ప్లైన్ల షాఫ్టుల్లో. వాటి మందం సుమారు 1.2 అంగుళాలు, 31 స్ప్లైన్ల వాటిది సుమారు 1.32. తేడా పెద్దగా లేదనిపిస్తుంది కానీ, మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి అదే రకం స్టీల్‌తో కూడా దాదాపు మూడోవంతు ఎక్కువ బలం వస్తుంది. 35 స్ప్లైన్లు ఇంకా బలం, కానీ మీకు అంత అవసరం లేదు.

షాఫ్టులు మార్చే ముందు ఒకసారి పాతవి బయటికి తీయించి చూడండి. వెనక కవర్‌కి ఉన్న 10 బోల్టులు విప్పితే లోపలంతా కనిపిస్తుంది. డిఫరెన్షియల్ మధ్యలో అడ్డంగా ఉండే క్రాస్ పిన్‌ని పట్టి ఉంచే చిన్న లాక్ బోల్ట్‌ని నెమ్మదిగా తిప్పమనండి, అది తెగితే లోపల ఇరుక్కుపోయిన ముక్కను తీయడానికి సగం రోజు పోతుంది. పిన్ తీసి షాఫ్ట్‌ని లోపలికి నెడితే దాని కొసన గాడిలో కూర్చున్న సీ-క్లిప్ ఊడి వస్తుంది. చక్రాన్ని కారుకి పట్టి ఉంచేది ఆ క్లిప్పే. షాఫ్ట్ బయటివైపు విరిగితే, చక్రం డ్రమ్‌తో సహా బయటికి జారిపోతుంది. అందుకే షాఫ్టుల విషయంలో కక్కుర్తి పడొద్దంటాను. ఇంకో సంగతి, ఈ యాక్సిల్‌లో బేరింగ్ రోలర్లు నేరుగా షాఫ్ట్ మీదే తిరుగుతాయి. అక్కడ వేలితో తడిమితే గీతలు తగిలాయంటే ఆ షాఫ్ట్ ఆయుష్షు ఎలాగూ అయిపోయినట్టే.

పావు మైలు 10.99 సెకన్లలో కానీ అంతకంటే వేగంగా కానీ పూర్తిచేసే కార్లకు ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ) నిబంధనల ప్రకారం కారుతో వచ్చినవి కాకుండా బయట విడిగా అమ్మే (ఆఫ్టర్‌మార్కెట్) షాఫ్టులు, సీ-క్లిప్ లేకుండా షాఫ్ట్‌ని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి. మీ కారు ఇంకా ఆ దరిదాపుల్లో లేదు. ముందు ముందు వెళ్తుందనుకుంటే, బోల్టులతో బిగించే కిట్ బదులు హౌసింగ్ చివర్లు కోయించి 9 అంగుళాల రకం చివర్లు వెల్డ్ చేయించండి. రోడ్డు మీద తిరిగే కార్లలో బోల్ట్ కిట్లు ఆయిల్ కారుస్తాయి.

ఇక 9 అంగుళాలది. 1957లో వచ్చిన ఈ యాక్సిల్‌కి అంత పేరు ఊరికే రాలేదు. దాని పినియన్ బాగా కిందికి ఉండటం వల్ల పళ్లు ఎక్కువ మేర పట్టుకుంటాయి, పినియన్ కొసకి అదనంగా మూడో బేరింగ్ ఉంటుంది. గేర్ల భాగమంతా ముందువైపు నుంచి ఒకే ముక్కగా బయటికి వస్తుంది కనుక రేషియో మార్చడం తేలిక. అయితే పళ్లు అంతగా రాసుకోవడం వల్ల వేడి పుడుతుంది, కొంత పవర్ అక్కడే పోతుంది. ఖర్చు ఎక్కువ, బరువూ ఎక్కువ. డ్రైవ్‌షాఫ్ట్ పొడవు కూడా మార్చాల్సి రావచ్చు. 500, 600 హార్స్‌పవర్ కారుకి స్లిక్స్ వేసి క్లచ్ ఒక్కసారిగా వదిలే వాళ్లకైతే నేనూ అదే చెప్తాను.

ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్‌లో 31 స్ప్లైన్లు ఉంటాయి, 1995 నుంచి వచ్చిన వాటికి డిస్క్ బ్రేకులు కూడా ఉంటాయి, నిజమే. కానీ అది కమాన్ పట్టీల మీద కూర్చునే యాక్సిల్. మీ కారుది కాయిల్ స్ప్రింగులు, నాలుగు కంట్రోల్ ఆర్మ్‌ల పద్ధతి. బ్రాకెట్లన్నీ కొత్తగా వెల్డ్ చేయాలి. దాని పినియన్ మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. చక్రానికి ఐదు బోల్టులు, మీవి నాలుగు. చౌకగా వచ్చిందని తెచ్చుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. మొదటి తరం మస్టాంగ్‌లు కమాన్ పట్టీల మీద నడిచేవి, వాటికైతే ఇది మంచి బేరం.

డిఫరెన్షియల్‌కి 31 స్ప్లైన్ల ట్రాక్షన్-లాక్ (ఒక చక్రమే జారిపోకుండా ఆపే ఫోర్డ్ డిఫరెన్షియల్) చాలు, ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపడం మరవొద్దు. దాని లోపలి క్లచ్ ప్లేట్ల అరుగుదల వద్దనుకుంటే గేర్లతో పనిచేసే ట్రూట్రాక్ వేయించండి. 3.73 గేర్ల బిగింపు మాత్రం ఆ పని రోజూ చేసే షాపుకే ఇవ్వండి. పళ్లకి రంగు పూసి తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో మీకు చూపించమనండి.

ఒక హెచ్చరిక. యాక్సిల్ గట్టిపడ్డాక ముందు చేతులెత్తేసేది టీ-5 గేర్‌బాక్స్. మీ ఇంజిన్ ఇప్పటికే దాని సామర్థ్యాన్ని దాటేసింది. దాని కోసం డబ్బు పక్కన పెట్టుకోండి. బయల్దేరేటప్పుడు వెనక చక్రాలు టపటపా ఎగురుతుంటే, కంట్రోల్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు ముందు మార్పించండి. షాఫ్టుల్ని విరిచేది చాలాసార్లు ఆ కుదుపులే.

ప్రశ్న: నా 1990 మస్టాంగ్‌లో 2.73 గేర్లు తీసి 3.73 వేయించాక స్పీడోమీటర్ బాగా ఎక్కువ చూపిస్తోంది. ఫోన్‌కి కనెక్ట్ అయ్యే ఓబీడీ స్కానర్‌తో (కారు కంప్యూటర్‌ని చదివే పరికరం) సరిచేయొచ్చా?

జవాబు: కుదరదు. అమెరికాలో ఓబీడీ-2 తప్పనిసరి అయింది 1996 మోడళ్ల నుంచి. మీ స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్‌తో నడుస్తుంది, మీరు నిజంగా 60 మైళ్ల వేగంలో ఉన్నప్పుడు అది 82 చూపిస్తుంది. కేబుల్ కొసనున్న చిన్న ప్లాస్టిక్ గేర్ మారిస్తే చాలు. గేర్‌బాక్స్ లోపలి డ్రైవ్ గేర్ పళ్లను యాక్సిల్ రేషియోతో, టైర్ ఒక మైలుకి తిరిగే చుట్లతో గుణించి 1000తో భాగించండి. డ్రైవ్ గేర్‌కి 7 పళ్లుండి, కంపెనీ సైజు టైర్లే అయితే 21 పళ్ల గేర్ కావాలి. వేశాక ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ యాప్ పెట్టుకుని, పక్కన కూర్చున్నవాళ్లని చూడమని సరిపోల్చుకోండి.