టెక్ సందేహాలు: ఈమాక్స్ ఆగి ఆగి నడుస్తోందా? ముందు కొలవండి

ప్రశ్న: నేను ప్రోగ్రామింగూ, తెలుగు రాతా రెండూ ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే చేస్తాను. లినక్స్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. రెండు మూడు గంటలు పని చేశాక, టైపు చేస్తుండగా కర్సర్ బిగుసుకుపోతుంది. కాసేపటికి అక్షరాలన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. ఏ ప్రోగ్రామ్ ఎంత మెమొరీ వాడుతోందో చూపించే ‘టాప్’లో చూస్తే 2.6 జీబీ అని ఉంది. ఇదంతా గార్బేజ్ కలెక్షన్ వల్లేనని, దాని పరిమితిని గరిష్ఠానికి పెంచేస్తే పీడా పోతుందని మిత్రుడు చెబుతున్నాడు. పెంచేయనా? (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గరిష్ఠానికి మాత్రం పెంచకండి. మీ ప్రశ్నలో రెండు సమస్యలున్నాయి. ఈమాక్స్ ఎంత మెమొరీ తింటోంది అన్నది ఒకటి, ఎందుకు ఆగుతోంది అన్నది మరొకటి. రెండింటినీ విడివిడిగా కొలవాలి.

ముందు ఆ 2.6 జీబీ సంగతి. టాప్‌లో ‘విర్ట్’ అనే వరుస, ‘రెస్’ అనే వరుస పక్కపక్కనే ఉంటాయి. మొదటిది ప్రోగ్రామ్ తన పేరిట రాయించుకున్న చిరునామాల మొత్తం. నిజంగా ర్యామ్‌లో కూర్చున్నది ఎంతో ‘రెస్’ చెబుతుంది. చాలామంది పెద్ద అంకె చూసి బెంబేలెత్తేది మొదటి వరుసతోనే. మీరు చూసింది ఏదో ఇంకోసారి సరిచూసుకోండి.

ఇక ఆగిపోవడం. ఈమాక్స్‌లో అధికభాగం లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే రాసి ఉంది. మీరు నొక్కే ప్రతి మీటకూ అది చిన్నచిన్న జాబితాలు, పదాలు పుట్టిస్తూ ఉంటుంది. పని అయిపోయిన వాటిని ఏరి తీసేయడమే గార్బేజ్ కలెక్షన్. పెళ్లిలో బంతి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. బంతి లేచాక విస్తళ్లు తీయాలి, తీసేదాకా తర్వాతి బంతి కూర్చోదు. ఈమాక్స్ కూడా శుభ్రం చేస్తున్నంతసేపూ మీ మీట నొక్కుళ్లను పక్కన పెట్టేస్తుంది. అయితే ఎక్కువ సమయం పట్టేది ఖాళీ విస్తళ్లు ఎత్తడానికే కాదు. ఇంకా ఎవరు తింటున్నారో ఒక్కొక్కరినీ చూసి గుర్తు పెట్టుకోవాలి, ఆ పనికీ పడుతుంది. అందుకే బఫర్లు (తెరిచి ఉంచిన ఫైళ్ల పాఠాలు), ప్యాకేజీలు (అదనంగా చేర్చుకున్న హంగులు) పెరిగినకొద్దీ ఒక్కో శుభ్రతా బరువెక్కుతుంది. మీకు మొదటి గంటలో హాయిగా ఉండి, తర్వాత ఇబ్బంది మొదలవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

కావచ్చు అన్నాను కాబట్టి ఇప్పుడు కొలుద్దాం. కంట్రోల్-హెచ్, ఆ తర్వాత వి నొక్కి ‘జీసీస్-డన్’ అనే వేరియబుల్ చూడండి (జీసీ అంటే గార్బేజ్ కలెక్షన్). ఈమాక్స్ తెరిచినప్పటి నుంచి ఎన్నిసార్లు శుభ్రం జరిగిందో అందులో ఉంటుంది. ‘జీసీ-ఎలాప్స్‌డ్’లో వాటన్నిటికీ కలిపి పట్టిన సెకన్లు ఉంటాయి. రెండూ కాగితం మీద రాసుకుని, పది నిమిషాలు మామూలుగా పని చేసి, మళ్లీ చూడండి. ఉదాహరణకు మొదట 112 సార్లు, 6.1 సెకన్లు ఉండి, తర్వాత 162 సార్లు, 15.1 సెకన్లు అయ్యాయనుకుందాం. 50 సార్లకు 9 సెకన్లు, అంటే ఒక్కోసారి 0.18 సెకను. టైపు చేసే వేలికి ఇది కచ్చితంగా తెలుస్తుంది. ఒక్కోసారికి 0.02 వస్తే మాత్రం దొంగ వేరే ఎక్కడో ఉన్నాడు. అప్పుడు ఏ పనికి ఎంత సమయం పడుతోందో కొలిచే ‘ప్రొఫైలర్-స్టార్ట్’ నడిపి, సీపీయూ ఎంచుకుని వెతకండి.

ఇంకో సులువు కూడా ఉంది. ‘గార్బేజ్-కలెక్షన్-మెసేజెస్’ను ‘టీ’ (అంటే అవును) చేస్తే, శుభ్రం జరిగిన ప్రతిసారీ కింది వరుసలో సందేశం కనిపిస్తుంది. కర్సర్ ఆగినప్పుడే ఆ సందేశం వస్తోందా, రాకుండానే ఆగుతోందా అన్నది మీ కళ్లే చెబుతాయి.

ఇప్పుడు మిత్రుడి సలహా. అతను చెప్పే పరిమితి ‘జీసీ-కాన్స్-థ్రెషోల్డ్’, 64-బిట్ యంత్రాల్లో మామూలుగా 8,00,000 బైట్లు. దాని తోడు ‘జీసీ-కాన్స్-పర్సెంటేజ్’ 0.1, అంటే వాడుకలో ఉన్న లిస్ప్ వస్తువుల్లో పదోవంతు. ఈ రెండిట్లో ఏది పెద్దదైతే అంత కొత్త సరుకు పోగయ్యాక శుభ్రం మొదలవుతుంది. ఈ పరిమితిని గరిష్ఠానికి పెంచితే శుభ్రం ఇక జరగనే జరగదు. 8 జీబీ యంత్రంలో చెత్త పేరుకుని స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడే చోటు) పోతుంది. ఆ తర్వాత ఎప్పుడో శుభ్రం చేయాల్సి వస్తే డిస్కులోకి వెళ్లిన పేజీలన్నిటినీ వెనక్కి పిలవాలి. అప్పుడు ఆగేది అరక్షణం కాదు. చాలామందికి తెలియని మరో సంగతి: పాత అన్‌డూ చరిత్రను కత్తిరించేదీ, ప్రతి బఫర్ లోపల వదిలిన ఖాళీని కుదించేదీ ఈ శుభ్రం సమయంలోనే. ‘అన్‌డూ-లిమిట్’ 1,60,000 బైట్లు అని ఉన్నా, శుభ్రం జరగకపోతే ఆ హద్దు అమలు కాదు.

నేనైతే 32 ఎంబీ దగ్గర మొదలుపెట్టి, పై లెక్క మళ్లీ తీసి చూస్తాను. ప్రోగ్రామింగ్ కోసం ఎల్‌ఎస్‌పీ-మోడ్ (కోడ్‌లో తప్పులు, సూచనలు చూపే సర్వర్‌తో ఈమాక్స్‌ను కలిపే ప్యాకేజీ) వాడేవారికి దాని పత్రాలే 100 ఎంబీ సూచిస్తాయి. మీ ర్యామ్‌కు అదీ ఫరవాలేదు. అదే పని చేసే ఎగ్లాట్ వాడుతుంటే దాని ‘ఈవెంట్స్’ బఫర్‌ను చూడండి. సర్వర్‌తో జరిగే ప్రతి సంభాషణనూ 20 లక్షల అక్షరాల దాకా అందులో రాసి ఉంచుతుంది. ఏదో తప్పు వెతుకుతుంటే తప్ప మీకు దానితో పని లేదు. ఆ పరిమాణాన్ని సున్నా చేయండి.

మెమొరీ ఎక్కడ ఉందో తెలియాలంటే ఆల్ట్-ఎక్స్ నొక్కి ‘మెమొరీ-రిపోర్ట్’ అని ఇవ్వండి. 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి ఇది ఈమాక్స్‌లోనే ఉంది. పెద్ద బఫర్లు, పెద్ద వేరియబుల్స్, బొమ్మల నిల్వ, అన్నీ పరిమాణాలతో చూపిస్తుంది. తెలుగు రాసేవారికి ఒక మాట: మన ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ 3 బైట్లు కావాలి. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుర్తులు, మొత్తం 18 బైట్లు. అయినా వెయ్యి పేజీల పుస్తకం కూడా కొన్ని ఎంబీలు దాటదు. మీ తెలుగు ఫైళ్లను అనుమానించకండి.

ప్రశ్న: ఈమాక్స్‌లో 200 ఎంబీ లాగ్ ఫైల్ తెరిచి, మూసేశాను. మెమొరీ కొంత తగ్గింది గానీ మునుపటి స్థాయికి రాలేదు. మెమొరీ లీక్ (వాడి వదిలిన మెమొరీ తిరిగి రాకపోవడం) అనుకోవాలా? (విజయవాడ)

జవాబు: ఇంతమాత్రానికే లీక్ అనలేం. ఫైల్‌లోని పాఠం ఒకే పెద్ద ముక్కగా ఉంటుంది కాబట్టి మూయగానే సాధారణంగా సిస్టమ్‌కు తిరిగి వెళ్తుంది. రంగులు వేయడానికి పెట్టుకున్న గుర్తుల్లాంటి చిన్న వస్తువులు అలా కాదు. అవి గుంపులుగా కూర్చుంటాయి, ఈమాక్స్ వాటిని జరపదు. బల్ల చివర ఒక్కరు తింటున్నా ఆ బల్ల ఎత్తలేం కదా! ఆ చోటు ఖాళీగా ఈమాక్స్ దగ్గరే ఉండి, తర్వాతి పనికి ఉపయోగపడుతుంది. మెమొరీ-రిపోర్ట్‌లో ‘రిజర్వ్‌డ్’ అన్న వరుస అదే. ఒక పరీక్ష చేయండి: అదే ఫైల్‌ను ఐదుసార్లు తెరిచి మూయండి. అంకె మొదటిసారి పెరిగి ఆగితే బెంగ లేదు, ప్రతిసారీ పెరుగుతూ పోతే అప్పుడు ప్యాకేజీలను అనుమానించాలి. లాగ్ మొత్తాన్ని కాపీ చేసి ఉంటే మాత్రం ఆ ప్రతి ‘కిల్-రింగ్’లో (కాపీ చేసినవి దాచే జాబితా) కూర్చుని ఉంటుంది, బఫర్ మూసినంత మాత్రాన పోదు.

ప్రశ్న: వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఇలా కొలిచే మార్గం ఉందా? (తిరుపతి)

జవాబు: ఉంది. హెల్ప్ మెనూలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి. విండో, ఎక్స్‌టెన్షన్ హోస్ట్ (ఎక్స్‌టెన్షన్లు నడిచే చోటు), టెర్మినల్ దేనికది విడిగా కనిపిస్తాయి. టాస్క్ మేనేజర్‌లోని ముక్కలన్నీ మీరే కూడితే ఉమ్మడిగా వాడే మెమొరీ రెండు మూడుసార్లు లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. ఎక్స్‌టెన్షన్ హోస్ట్ దగ్గరే అంకె పెద్దగా ఉంటే, కమాండ్ పాలెట్‌లో ‘స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్’ నడపండి. ఎక్స్‌టెన్షన్లను సగం సగం ఆపుతూ, తేడా ఉందా అని మిమ్మల్ని అడుగుతూ, చివరికి కారణమైన ఆ ఒక్కదాన్ని పట్టిస్తుంది.