థాంక్స్ చెప్పేటప్పుడు చేసిన పని పేరుపెట్టి చెప్పు

అల్లుడూ, మీ టైమ్ జోన్ల మ్యాప్ రిలీజ్‌కి రెడీ అయిందంటే చాలా సంతోషంరా, కానీ నువ్వు పంపిన థాంక్స్ పేరా చదివాక ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నా. "సహకరించిన అందరికీ ధన్యవాదాలు" అని ఒక్క లైన్లో తేల్చేశావు, అందులో తను ఉన్నాడో లేడో చదివినోడికి ఎలా తెలుస్తుంది చెప్పు.

ఎవరు ఏం చేశారో అదే రాయి. ఏ ప్రాంతంలో ఎప్పుడు ఏ టైము నడిచిందో రాసిపెట్టే, 1980ల నుంచి నడుస్తున్న టైమ్ జోన్ డేటాబేస్ వాళ్ళని చూడు, ఫలానా తప్పు ఫలానావాళ్ళు పట్టిచ్చారు అని రిలీజ్ నోట్స్‌లోనే పేరు వేస్తారు. మన దేశం ఎంట్రీ తెరిస్తే పాత మద్రాసు టైము గ్రీనిచ్ టైము కంటే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందుండటం, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గడియారాలు గంట ముందుకి జరపడం, అన్నీ ఉంటాయి, ఎవరో ఓపిగ్గా పాత కాగితాలు తిరగేస్తేనే కదా అవి అక్కడికొచ్చింది.

మ్యాప్‌లో బౌండరీలు, అంటే సరిహద్దు గీతలు, సరిచేసినోళ్ళది ఇంకా కష్టం, ఎందుకంటే అది కంటికి కనపడదు. సరిహద్దంటే ముక్కలు ముక్కలుగా ఉన్న గీతలన్నీ కలిసి చుట్టూ మూసుకోవాలి, ఎవరో నది ఒడ్డు సరిచేయబోయి ఒక్క ముక్క తీసేస్తే చాలు చుట్టు తెగిపోతుంది, ఇక ఆ ఏరియా తయారవదు. అర్ధరాత్రి కూర్చుని ఆ తెగిన చోటు పట్టుకుని రెండు కొసలూ కలిపినోళ్ళు ఉంటారు, మ్యాప్ చూస్తే మాత్రం ఏమీ మారినట్టుండదు. ముందు వాళ్ళ గురించి రాయి, ఏ సరిహద్దో కూడా రాయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు మన గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి కదా, టైము మారలేదు గానీ గీతలన్నీ మారాయి, మండలం మండలం చూసి దిద్దిన పిల్లల్ని మర్చిపోవద్దు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్స్ అని కింద వేశాం కదా మావయ్యా అంటావేమో, అందరూ కలిసి గీసే ఆ మ్యాప్ డేటా వాడుకుంటే అది లైసెన్స్ ప్రకారం ఎలాగూ వెయ్యాల్సిందే, దాన్ని థాంక్స్ కింద లెక్కేసుకోకు.

పేరు ఎలా వెయ్యమంటారో ముందే అడుగు, కొందరు అసలు పేరు వద్దంటారు, యూజర్‌నేమ్ చాలంటారు. తప్పుందని చెప్పి వదిలేసినోళ్ళనీ, పంపిన మార్పు మీరు తీసుకోనోళ్ళనీ కూడా కలుపు, వాళ్ళూ టైము పెట్టారు. మొదటిసారి చేసినోళ్ళకి విడిగా రెండు లైన్లు తెలుగులోనే పంపు.

ఆదివారంలోపు మళ్ళీ రాసి పంపించు, చూసి చెప్తా. అక్కని అడిగానని చెప్పు.

మీ మావయ్య, గుంటూరు