బెవరేజ్ సేల్స్ చదవాలంటే కాలేజీని ముందు అడగాల్సింది: ఎండాకాలం మార్కెట్‌కు పంపిస్తారా?

మీరు "డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను, డ్రింక్స్ కంపెనీల్లో సేల్స్, మార్కెటింగ్ వైపు వెళ్లాలని ఉంది, హైదరాబాద్‌లో దానికంటూ కోర్సు ఉందా, హోటల్ మేనేజ్‌మెంట్ చెయ్యాలా ఎంబీఏనా, లిక్కర్ అంటే ఇంట్లో ఒప్పుకోరేమో" అని అడిగారు. నేను ఇక్కడే హోటల్ మేనేజ్‌మెంట్, ఆ తర్వాత ఎంబీఏ మార్కెటింగ్ చేసి, కొన్నాళ్లు కూల్‌డ్రింకుల్లో, కొన్నాళ్లు లిక్కర్‌లో పనిచేశాను. రెండూ చూసినవాణ్ని కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

కోర్సు పేరులో బెవరేజ్ అని ఉందా లేదా అని వెతుక్కుంటూ కూర్చోకండి. హోటల్ మేనేజ్‌మెంట్‌లో ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్ అనే సబ్జెక్టు ఉంటుంది. బీరు ఎలా తయారవుతుంది, విస్కీకి రమ్ముకి తేడా ఏంటి, ఏ వైన్ ఎంత చల్లగా ఇవ్వాలి, ఏ గ్లాసులో పొయ్యాలి, అన్నీ నేర్పుతారు. అంటే సరుకు తెలుస్తుంది, అమ్మకం తెలియదు. ఎంబీఏలో అమ్మకం గురించి చెబుతారు గానీ ఉదాహరణలన్నీ సబ్బులూ షాంపూలూ. విద్యానగర్ పక్కన డీడీ కాలనీలో ఉన్న ఐహెచ్ఎం అనే హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ లాంటి చోట చదవాలంటే ఇంటర్ మీద ఎన్‌సీహెచ్ఎం జేఈఈ ఎంట్రన్స్ రాసి మళ్లీ మొదటినుంచి డిగ్రీ చెయ్యాలి, మీకు ఇప్పుడు అదంతా ఎందుకు? ఐసెట్ రాసి ఎంబీఏలో చేరండి. వైన్లు, స్పిరిట్ల గురించి నేర్పే లండన్ వాళ్ల డబ్ల్యూసెట్ సర్టిఫికెట్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. స్టార్ హోటళ్లు, ఇంపోర్టెడ్ వైన్లు అనుకుంటే పనికొస్తుంది, వైన్ షాపుల మార్కెట్‌లో తిరిగేవాడికి దాంతో పెద్దగా పనిలేదు.

కాలేజీకి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ పోస్టర్లు చూడకండి, ఇంటర్న్‌షిప్ ఏ నెలల్లో పెడతారో అడగండి. కూల్‌డ్రింకులైనా బీరైనా ఇక్కడ సీజన్ అంటే ఫిబ్రవరి చివర్నుంచి జూన్‌లో వానలు పడేదాకా. ఆ టైంలో కంపెనీలకూ డిస్ట్రిబ్యూటర్లకూ మనుషులు చాలరు, వచ్చినవాణ్ని వచ్చినట్టు బీట్ మీదికి, అంటే షాపు షాపుకూ తిరిగే రూటు మీదికి తోస్తారు. అదే ఆగస్టులో వెళ్లారనుకోండి, ఆఫీసులో కూర్చోబెట్టి ఎక్సెల్ షీట్లు నింపిస్తారు, టీ బాగానే ఇస్తారు.

నన్ను దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట బీట్ మీద వేశారు. పొద్దున్నే డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌కు పోవడం, లోడు ఎక్కేదాకా ఆగడం, తర్వాత ఒక్కో కిరాణా కొట్టు, పాన్ డబ్బా, టీ హోటల్ ఎక్కి దిగడం. నిజమైన గొడవంతా ఫ్రిజ్ దగ్గర. కంపెనీ గాజు తలుపు కూలర్ ఊరికే ఇస్తుంది, అందులో తన సీసాలే ఉండాలని, అవీ తను చెప్పిన వరసలోనే ఉండాలని కోరుకుంటుంది, దీన్నే ప్యూరిటీ అంటారు. తలుపు తీసి చూస్తే పైఅరలో పాలపాకెట్లు, పెరుగు, మధ్యలో ఇడ్లీ పిండి కవర్లు, అడుగున అవతలి కంపెనీ బాటిళ్లు, మన సరుకేమో బయట ఎండలో కేసుల్లో. రాత్రయితే ప్లగ్ పీకేస్తారు, పొద్దున పదకొండు దాకా ఏదీ చల్లబడదు. కొత్తపేటలో ఒకాయన దగ్గర ఇదే అడిగితే, "ఫ్రిజ్ మీదే గని కరెంటు బిల్లు నాదే గద బిడ్డా" అన్నాడు. ఆయన లెక్క ఆయనది. ఆ లెక్కకు జవాబు ఉండాలి మన దగ్గర: ఒక అర మొత్తం చల్లటి సీసాలు పెడితే రోజుకు ఎన్ని కదులుతాయి, కేసు మీద ఎంత మిగులుతుంది, కరెంటు ఖర్చు పోను ఎంత. అది అక్కడే బిల్లు పుస్తకం వెనక రాసి చూపిస్తే పిండి కవర్లు కిందికి పోతాయి. క్లాసులో విజువల్ మర్చండైజింగ్ అని స్లయిడ్లు చూపించినప్పుడు నాకు ఇంత అర్థం కాలేదు.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. ప్లాస్టిక్ బాటిల్ గోడల్లోంచి గ్యాస్ మెల్లమెల్లగా పోతూనే ఉంటుంది, చిన్న బాటిల్ అయితే ఇంకా తొందరగా, అందుకే వాటి ఎక్స్‌పైరీ డేట్ తొందరగా వస్తుంది. గాజు సీసాకు ఆ బాధ లేదు. నెలాఖర్లో టార్గెట్ కోసం డిస్ట్రిబ్యూటర్ నెత్తిన చిన్న బాటిళ్లు కుమ్మరిస్తే, వానలు మొదలయ్యాక ఆ డేట్ దాటిన సరుకు ఎవడి ఖాతాలో వెయ్యాలన్న పంచాయితీ మీ మీదికే వస్తుంది.

ప్రాజెక్టు చెయ్యమంటే కూల్‌డ్రింకుల్లో మంచి విషయాలకు కొదవ లేదు. 1977లో వచ్చిన థమ్సప్‌ను 1993లో కోకాకోలాకు అమ్మేశాక కూడా మనవాళ్లు కోక్ ఉన్నా అదే ఎందుకు అడుగుతున్నారు? రిలయన్స్ 2023లో క్యాంపాను మళ్లీ తెచ్చి 200 మిల్లీల బాటిల్ పది రూపాయలకు పెడితే పాన్ డబ్బాల్లో ఏం మారింది? 2025 సెప్టెంబర్ నుంచి గ్యాస్ డ్రింకులకు జీఎస్టీ 40 శాతం, గ్యాస్ లేని పండ్లరసం డ్రింకులకు 5 శాతం, మరి షాపువాడు మామిడి డ్రింకును ముందుకు జరిపాడా? నాలుగు గల్లీలు తిరిగితే చాలు, ఇంటర్నెట్లో దొరకని రిపోర్టు తయారవుతుంది.

ఇక లిక్కర్. ఇది పూర్తిగా వేరే లోకం. తెలంగాణలో కంపెనీ నేరుగా షాపుకు అమ్మదు. ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మాలి, షాపువాళ్లు దాని డిపోల్లోంచి తీసుకోవాలి. రేటు మీ చేతిలో లేదు. టీవీలో యాడ్ వెయ్యడానికి లేదు, అందుకే సోడా పేరుతోనో మ్యూజిక్ సీడీల పేరుతోనో యాడ్లు చూస్తుంటాం. 2025 జనవరిలో రేటు పెంచలేదనీ, బకాయిలు రాలేదనీ కింగ్‌ఫిషర్ బీర్ చేసే యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీ ఈ కార్పొరేషన్‌కు బీర్ల సరఫరా ఆపేసిన సంగతి గుర్తుందిగా, కొనేవాడు ఒక్కడే అయితే అట్లాగే ఉంటుంది. మరి సేల్స్‌వాడి పనేంటి? షాపు ఓనరు డిపోలో ఇండెంట్, అంటే సరుకు ఆర్డర్ పెట్టేటప్పుడు మన బ్రాండ్ రాయించడం, కౌంటర్లో నిలబడే కుర్రాడి నోట మన పేరు పలికించడం. దానికి పరిచయాలే పెట్టుబడి. కానీ 2,620 షాపులూ రెండేళ్లకోసారి లాటరీలో కొత్తవాళ్ల చేతికి పోవచ్చు, అప్పుడు నమస్తే అన్నా అని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. మాట నేర్పు ఉన్నవాళ్లకు నచ్చుతుంది, నాకైతే ఓపిక అయిపోయింది.

ఇంట్లో సంగతంటారా, మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకు "కంపెనీలో మార్కెటింగ్" అనే చెబుతుంది, ఏ కంపెనీ అని అడిగితే టీ పెట్టడానికి లేస్తుంది. మీరు మాత్రం ఇంట్లో గొడవతో మొదలుపెట్టకుండా కూల్‌డ్రింకులు, నీళ్లు, జ్యూస్ కంపెనీల్లో చేరండి. అక్కడ రెండేళ్లు చేసినవాణ్ని లిక్కర్ కంపెనీలూ తీసుకుంటాయి, నన్ను అట్లాగే తీసుకున్నారు.

ఇంటర్న్‌షిప్ కోసం హెచ్‌ఆర్‌కు మెయిళ్లు పెట్టి ఎదురుచూడకండి. జనవరిలోనే మీ ఏరియా డిస్ట్రిబ్యూటర్ ఎవరో కిరాణా కొట్టులో అడిగి, గోడౌన్‌కు వెళ్లి ఏరియా సేల్స్ మేనేజర్ ఏ రోజు వస్తాడో కనుక్కుని ఆ రోజు పోండి. బండి, లైసెన్సు ఉన్నాయని ముందే చెప్పండి, మార్కుల కంటే వాళ్లు ముందు అడిగేది అదే.