మీ ప్రశ్నలు – మా సమాధానాలు: క్రెడిట్ రిపోర్టులో ఏముంటుంది, స్కోరును ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: నేను తెనాలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. నా క్రెడిట్ స్కోరు ఒక యాప్‌లో 781 అని, బ్యాంకు వారి యాప్‌లో 736 అని కనిపించింది. ఒకే మనిషికి ఒకే రోజున రెండు అంకెలు ఎలా వస్తాయి? ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క కిస్తీ కూడా తప్పకుండా ఇంటి రుణం తీర్చిన నాకు 900 ఎందుకు రాలేదు? అసలు ఈ స్కోరును నమ్మవచ్చునా?

సమాధానం: రెండు అంకెలూ సరైనవే కావచ్చు. మన దేశంలో రిజర్వ్ బ్యాంకు అనుమతితో నాలుగు రుణ సమాచార సంస్థలు, అంటే మన అప్పుల, చెల్లింపుల వివరాలను సేకరించి స్కోరు ఇచ్చే సంస్థలు పనిచేస్తున్నాయి. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. 2000లో అన్నిటికంటే ముందుగా ఏర్పడినది సిబిల్ కావడంతో, ఎవరు ఇచ్చిన స్కోరునైనా సిబిల్ స్కోరు అనడం మనకు అలవాటైపోయింది. నాలుగు సంస్థలూ 300 నుంచి 900 మధ్యనే స్కోరు ఇస్తాయి గానీ, లెక్క కట్టే పద్ధతి ఎవరిది వారిదే, ఆ పద్ధతిని పూర్తిగా బయటపెట్టేవారు ఎవరూ లేరు. దీనికి తోడు బ్యాంకులు పంపే వివరాలు అన్ని చోట్లా ఒకే రోజున నమోదు కావు. ఒకప్పుడు నెలకు ఒకసారి పంపితే సరిపోయేది, 2025 జనవరి 1 నుంచి పదిహేను రోజులకు ఒకసారి పంపాలన్న నిబంధన వచ్చింది. అందువల్ల మీరు ఈ వారం కట్టిన వాయిదా ఒక సంస్థ లెక్కలోకి చేరి, మరొక సంస్థ లెక్కలోకి ఇంకా చేరకపోవచ్చు.

నమ్మవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, స్కోరుకు ఏమి తెలుసో ముందు చూడాలి. మీ పింఛను ఎంతో దానికి తెలియదు. మీ డిపాజిట్లు, సొంత ఇల్లు, పొలం, ఊళ్లో మీకున్న పరపతి, ఇవేవీ దాని లెక్కలో లేవు. చేబదులు తీసుకుని చెప్పిన రోజుకే తిరిగి ఇచ్చినా దానికి తెలిసే దారి లేదు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపిన రుణ పద్దులు, వాటిలో వాయిదాలు కట్టిన తీరు, ఇప్పుడున్న బకాయి, పద్దుల వయసు, కొత్త అప్పుల కోసం ఎన్నిచోట్ల దరఖాస్తు చేశారన్న సంగతి మాత్రమే దానికి తెలుసు. ఆ కొద్దిపాటి సమాచారంతో, ఈ మనిషికి అప్పు ఇస్తే వాయిదాలు తప్పే అవకాశం ఎంత అన్న ఒక్క ప్రశ్నకు అది అంచనా చెబుతుంది. లక్షల మందిని కలిపి చూసినప్పుడు ఆ అంచనా బ్యాంకులకు బాగానే పనికివస్తుంది, ఒక్క మనిషి విషయంలో మాత్రం పొరపడటానికి ఎప్పుడూ వీలుంది. అందుచేత స్కోరును అప్పిచ్చేవారి సౌకర్యం కోసం తయారైన అంకెగానే చూడండి, మీరు శ్రద్ధ పెట్టవలసింది దాని వెనకనున్న రిపోర్టు మీద, అంటే మీ రుణ పద్దుల వివరాలన్నీ ఉండే పత్రం మీద.

900 రాకపోవడానికి మీ పాత రుణం ముగిసిపోవడమే ఒక కారణం కావచ్చు. ప్రస్తుతం నడుస్తున్న పద్దులు లేకపోతే, లేదా ఒక క్రెడిట్ కార్డు మాత్రమే ఉంటే, లెక్క కట్టడానికి తాజా ఆధారం తక్కువ. కార్డు వాడకంలో చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. 50,000 రూపాయల పరిమితి ఉన్న కార్డు మీద నెలకు 45,000 ఖర్చు చేసి, గడువులోగా పైసాతో సహా కట్టేవారికి కూడా స్కోరు తగ్గవచ్చు, ఎందుకంటే బ్యాంకు సాధారణంగా బిల్లు తేదీ నాటి బకాయినే పంపుతుంది కాబట్టి ఆ మనిషి పరిమితిని దాదాపు పూర్తిగా వాడుకుంటున్నట్టు రిపోర్టులో కనిపిస్తుంది. క్రమశిక్షణ గల మనిషికి ఇది అన్యాయమేనని నా అభిప్రాయం. అయితే 750 దాటిన స్కోరును చాలా బ్యాంకులు మంచిదిగానే పరిగణిస్తాయి కనుక 781ని 900 చేయాలన్న ప్రయాస మీకు అక్కరలేదు. రుణానికి ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వ్ బ్యాంకు ఎక్కడా నిర్ణయించలేదని, మొదటిసారి రుణం అడిగేవారిని పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఆగస్టులో పార్లమెంటుకు కూడా తెలిపింది. కనీస స్కోరును తమ విధానం ప్రకారం బ్యాంకులే పెట్టుకుంటాయి. ఇంటి రుణాలకు వడ్డీ రేటును సైతం స్కోరును బట్టి నిర్ణయించే బ్యాంకులు ఉన్నాయి కాబట్టి, దరఖాస్తు చేసే ముందు ఆ బ్యాంకు ఏ సంస్థ స్కోరును చూస్తుందో అడిగి తెలుసుకోవడం మంచిది.

ప్రశ్న: మన స్కోరును మనమే తరచుగా చూసుకుంటే తగ్గిపోతుందని మా ఆఫీసులో అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: కాదు. మీ రిపోర్టును మీరు ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు మీద ప్రభావం ఉండదు. అప్పు కోసం మీరు దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు చూసే ఎంక్వైరీ మాత్రమే లెక్కలోకి వస్తుంది, అవి కొద్ది రోజుల్లోనే ఎక్కువైతే స్కోరు తగ్గవచ్చు. ప్రతి సంస్థ ఏడాదికి ఒకసారి స్కోరుతో కూడిన పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 2017 నుంచి అమలులో ఉంది. నాలుగు సంస్థల నుంచి మూడు నెలలకు ఒకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా మీ పద్దు మీద ఒక కన్ను వేసి ఉంచవచ్చు.

ప్రశ్న: కరీంనగర్‌లో కుట్టు దుకాణం నడుపుతున్నాను. ముద్ర రుణానికి వెళ్తే, నా పేరు మీద 2019లో తీసుకున్న ద్విచక్ర వాహన రుణం ఉందని, అందులో 38,400 రూపాయలు రైటాఫ్ అయిందని (వసూలు కాదని లెక్కల్లోంచి తీసేశారని) చెప్పి బ్యాంకు తిరస్కరించింది. నాకు బండి లేదు, నడపడం కూడా రాదు. ఫైనాన్స్ కంపెనీ వారు సిబిల్‌ను అడగమంటున్నారు, సిబిల్ వారు ఫైనాన్స్ కంపెనీని అడగమంటున్నారు. నేను ఎవరిని పట్టుకోవాలి?

సమాధానం: అమ్మా, ఇద్దరినీ ఒకేసారి, రాతపూర్వకంగా పట్టుకోవాలి. ముందుగా రిపోర్టు మొత్తం దగ్గర పెట్టుకుని, మొదటి పేజీల్లో ఉండే పాన్, పుట్టిన తేదీ, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఒక్కొక్కటిగా చూడండి. మీకు తెలియని చిరునామా, ఫోన్ నంబరు కనిపించి, పాన్ మాత్రం మీదే అయితే, మీ గుర్తింపు కాగితాల జిరాక్సు ఎవరి చేతిలోనో పడి వారు మీ పేరున అప్పు తీసుకుని ఉండవచ్చు. ఆ పద్దుకు వేరే పాన్ ఉండి, పేరు, పుట్టిన తేదీ కలిసినందున మీ రిపోర్టులోకి వచ్చి చేరితే, అది పద్దులు కలిసిపోవడం వల్ల జరిగిన తప్పు. మన వైపు ఒకే పేరు, ఒకే ఇంటి పేరు గలవారు ఒకే మండలంలో పదిమంది ఉంటారు కాబట్టి ఇలాంటి తప్పులకు మనం కొంచెం ఎక్కువగానే గురవుతామని నాకు అనిపిస్తుంది.

తర్వాత రుణ సమాచార సంస్థ వెబ్‌సైట్‌లో ఆ పద్దు మీద అభ్యంతరం నమోదు చేయండి. అందుకు రిపోర్టు మీద ఉండే కంట్రోల్ నంబరు అవసరమవుతుంది. అదే రోజున ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిలు గానీ రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపి, ఆ రుణానికి సంబంధించిన దరఖాస్తు ఫారం, సంతకం, ఫొటో, గుర్తింపు పత్రాల నకళ్లు కోరండి. ‘ఇది నా రుణం కాదు’ అన్న ఒక్క వాక్యం కన్నా ఆ నకళ్ల కోసం పట్టుబట్టడమే ఎక్కువ పని చేస్తుంది. రుణ సమాచార సంస్థ తనంతట తానుగా పద్దును మార్చలేదు, అప్పిచ్చిన సంస్థ నిర్ధారించవలసిందే. వారు మిమ్మల్ని అటూ ఇటూ తిప్పడానికి మూలం ఇదే అయినా, అలా తిప్పే హక్కు మాత్రం ఇద్దరికీ లేదు.

ఫిర్యాదు అందిన 30 రోజుల్లోగా పరిష్కరించకపోతే, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశం 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. 21 రోజుల్లోగా సరిచేసిన వివరాలు పంపకపోతే అప్పిచ్చిన సంస్థ, అవి గడువులో అందినా 30 రోజుల్లోగా పరిష్కరించకపోతే రుణ సమాచార సంస్థ ఆ పరిహారం చెల్లించాలి. ఫిర్యాదు చేసిన తేదీకి రుజువు లేకపోతే ఈ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది కాబట్టి, ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరును, రసీదును భద్రపరచండి. 30 రోజులు దాటినా స్పందన లేకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులను విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి రుణ సమాచార సంస్థలు కూడా అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి. ఇందుకు రుసుము లేదు, వివరాలకు 14448కు ఫోన్ చేయవచ్చు. మోసం జరిగిందని తేలితే పోలీసు ఫిర్యాదు కూడా చేసి దాని నకలును ఇద్దరికీ పంపండి. చివరగా మిగిలిన మూడు సంస్థల రిపోర్టులు కూడా తెప్పించండి, ఇదే పద్దు అక్కడ కూడా ఉండే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: 2021లో ఉద్యోగం పోయినప్పుడు క్రెడిట్ కార్డు బకాయి 62,000 రూపాయలకు గాను 25,000 కట్టించుకుని పద్దు ముగిసిందని చెప్పారు. ఇప్పుడు ఇంటి రుణం అడిగితే, పాత బాకీ ఉందంటున్నారు. ముగిసిన పద్దు మళ్లీ ఎందుకు లేచింది? – ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

సమాధానం: మీ దృష్టిలో అది ముగిసింది, రిపోర్టులో అది ‘సెటిల్డ్’గా ఉంది. పూర్తిగా కట్టిన పద్దుకు ‘క్లోజ్డ్’ అని, కొంత వదులుకుని రాజీ పడిన పద్దుకు ‘సెటిల్డ్’ అని రాస్తారు. వసూలు ఏజెంట్లు ఈ తేడాను చెప్పకుండా, పద్దు ముగిసిందన్న మాటతో సరిపెడతారు. ఆ పద్దు కింద నెలల వారీగా చిన్న గడులు ఉంటాయి, వాటిని ఒకసారి చూడండి. 000 అని ఉంటే ఆ నెల బకాయి లేదని, 030 అని ఉంటే గడువు దాటి 30 రోజులైందని అర్థం. మూడు ఎక్స్ గుర్తులు ఉంటే ఆ నెల వివరాలను బ్యాంకు పంపలేదని అర్థం, దానికి కంగారు పడనవసరం లేదు. 090 దాటిన గడులు కనిపిస్తే ఆ రుణం మొండి బకాయి స్థాయికి వెళ్లినట్టే. 36 నెలల వరకు ఈ చరిత్ర కనిపిస్తుంది కాబట్టి, స్కోరు అంకెను మాత్రమే చూడకుండా అధికారులు ఈ గడులను కూడా చదువుతారు.

ఇప్పుడు మీరు చేయగలిగింది, ఆ బ్యాంకును సంప్రదించి, వదులుకున్న మొత్తం కట్టితే పద్దును ‘క్లోజ్డ్’గా మారుస్తామని ముందుగా రాతలో తీసుకోవడం. కట్టాక బాకీ ఏమీ లేదని తెలిపే నో డ్యూస్ పత్రం తీసుకుని, కొన్ని వారాల తర్వాత రిపోర్టును మళ్లీ చూడండి. పాత గడులు అంతటితో చెరిగిపోవు. రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలన్న నిబంధన ఉంది. అయినా ‘క్లోజ్డ్’ అన్న ముద్ర పడితే ఇంటి రుణం విషయంలో మాట్లాడటానికి మీకు ఒక ఆధారం దొరుకుతుంది.

ప్రశ్న: 8,000 రూపాయలు ఇస్తే నెలలో స్కోరు 750 దాటిస్తామని ఒకరు ఫోన్ చేస్తున్నారు. ఇవ్వవచ్చునా? – చిరు వ్యాపారి, రాజమహేంద్రవరం

సమాధానం: ఇవ్వవద్దు. తప్పుడు నమోదు ఉంటే దాన్ని సరిచేయించే పని మీరు ఉచితంగానే చేసుకోవచ్చు. నమోదు నిజమైనదే అయితే దాన్ని తొలగించడం ఎవరి తరమూ కాదు. పైగా ఆ వ్యక్తి మీ పాన్, ఆధార్, ఓటీపీలు అడుగుతాడు, పై కరీంనగర్ పాఠకురాలికి వచ్చిన కష్టం మీకూ రావడానికి అవి చాలు.

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా. నా 1,60,000 రూపాయల పంట రుణం 2024 ఆగస్టులో మాఫీ అయింది. ఇప్పుడు ట్రాక్టరు రుణానికి వెళ్తే రిపోర్టు బాగాలేదంటున్నారు. మాఫీ అయిన అప్పుకు మళ్లీ ఈ మచ్చ ఏమిటి? – ఒక రైతు

సమాధానం: మాఫీ సొమ్ము మీ పద్దులో జమ అయితే బాకీ తీరుతుంది గానీ, అంతకు ముందు పద్దు నడిచిన తీరు చెరిగిపోదు. తెలంగాణలో 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య తీసుకున్న పంట రుణాలకు 2 లక్షల వరకు మాఫీ వర్తించింది. మాఫీ వస్తుందన్న ఆశతో చాలామంది రైతులు రుణాన్ని రెన్యువల్ చేయించుకోకుండా వదిలేశారు. సకాలంలో తిరిగి కట్టేవారికి 3 లక్షల వరకు 4 శాతానికే పంట రుణం దొరికే వెసులుబాటును వారు పోగొట్టుకోవడమే కాక, ఆ గడువు దాటిన కాలమంతా రిపోర్టులోకి ఎక్కింది. పంట రుణానికి తొంభై రోజుల లెక్క కాకుండా పంట కాలాల లెక్క ఉంటుంది. స్వల్పకాలిక పంటలైతే రెండు పంట కాలాలు, దీర్ఘకాలిక పంటలైతే ఒక పంట కాలం దాటినా కట్టకపోతే మొండి బకాయిగా వర్గీకరిస్తారు. ఎన్నికల వాగ్దానాలు చేసేవారు ఈ సంగతి రైతులకు చెప్పరు, చెప్పవలసిన బ్యాంకు సిబ్బంది కూడా చాలాసార్లు మౌనంగానే ఉంటారు.

మీరు ముందుగా రిపోర్టులో ఆ పద్దు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూడండి. మాఫీ తర్వాత కూడా బకాయి చూపుతున్నా, ‘సెటిల్డ్’ అనో ‘రైటాఫ్’ అనో రాసి ఉన్నా, బ్రాంచి నుంచి పద్దు స్టేట్‌మెంటు తీసుకుని, అసలు, వడ్డీ మొత్తం జమ అయిన తేదీని చూపి సరిచేయమని రాతలో అడగండి. మాఫీకి మించిన వడ్డీ కొద్దిగా మిగిలిపోయి, ఆ చిన్న మొత్తమే నెలనెలా బకాయిగా నమోదవుతూ ఉండవచ్చు, అలాగైతే వెంటనే కట్టేయండి. ఆ రుణానికి రెన్యువల్ చేయించుకుని ఒక సీజను సక్రమంగా నడిపించి, రిపోర్టులో ఆ మార్పు కనిపించిన తర్వాత ట్రాక్టరు రుణానికి మళ్లీ దరఖాస్తు చేయండి. ఈలోగా నాలుగైదు ఫైనాన్స్ కంపెనీల చుట్టూ తిరిగి ఎంక్వైరీలు పెంచుకోవద్దు.